రాట్నం ఆగిన చోట

జూన్ 24, మంగళవారం

పెడన నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. నాన్న కంటి ఆపరేషన్ గురించే అనుకున్నాను. ఆ మాట కూడా మాట్లాడాడు. ఆదివారం తీసుకొస్తాడట, సోమవారం ఆపరేషను, నెల రోజులు నాన్న మా ఇంట్లోనే ఉంటారు. సరేనన్నాను. ఇక పెట్టేస్తాడనుకుంటే అప్పుడు అసలు సంగతి తీశాడు.

"మన పాత క్యాసెట్టు నీ దగ్గరేమన్నా ఉందటే?"

"ఏ క్యాసెట్టు?"

"అదేనే, మగ్గం గదిలో రికార్డు చేశాం చూడు. భానుకి కావాలంట."

వెతకాలి, ఇల్లు మారినప్పుడు ఏమయిందో అన్నాను. వెతకాల్సిన పనేమీ లేదు. బీరువాలో పెళ్లి పట్టుచీర మడతలో ఉంది. ఏటా చీర మడత మార్చి మళ్లీ అందులోనే పెడతాను. ఎందుకు అబద్ధమాడానో తెలియదు. పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను, మాట్లాడే ఓపిక లేక అనేసి ఉంటాను.

జూన్ 26, గురువారం

ఆషాఢం వచ్చింది. కొత్త కోడళ్లకు పుట్టింటి విశ్రాంతి, బట్టల కొట్లవాళ్ల ఆడవాళ్లకు నిలువు కాళ్ల ఉద్యోగం. ఈయన వన్ టౌన్ కొట్టు ముందు తగ్గింపు బోర్డు కట్టించారు. మధ్యాహ్నం నుంచి నేను కూడా కౌంటరు దగ్గరే. జాకెట్టు ముక్క ఒకటి కొనడానికి చీర తెచ్చి, తలుపు దగ్గర వెలుతురులో ఒకసారి, లోపల లైటు కింద ఒకసారి చూసుకుని, రంగు కలవలేదని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

ఒకావిడ "జలుబు చేసిందా అమ్మా, గొంతు అట్లా ఉంది" అంది. అవునండీ అన్నాను. ఆరేళ్ల నాటి జలుబు. మెడ ఆపరేషన్ గురించి, అందులో కదిలిన నరం గురించి జాకెట్టు ముక్క కోసం వచ్చినావిడకు చెప్పుకుంటూ కూర్చోలేం కదా.

జూన్ 27, శుక్రవారం

భాను అన్నయ్యే స్వయంగా ఫోన్ చేశాడు. భానుచందర్. చల్లపల్లి అబ్బాయి, అన్నయ్యతో ఇంజనీరింగ్ చదివాడు. ఇప్పుడు హైదరాబాదులో పేరున్న పాటగాడు. అన్నయ్యా, బెన్నీ, తనూ కలిసి కాలేజీలో పెట్టుకున్న రాక్ బ్యాండు పేరు 'లాకులు'. అన్నయ్య నూలు రంగుల వ్యాపారంలో పడ్డాడు, బెన్నీ మైలవరంలో స్కూలు పిల్లలకు సంగీతం చెబుతున్నాడు. భాను అన్నయ్య ఒక్కడే కొత్త కుర్రాళ్లను పెట్టుకుని ఆ పేరు నిలబెట్టాడు. కాదనను.

"శ్రీదుర్గా, బాగున్నావా అమ్మా? గొంతేంటి, జలుబు చేసిందా?"

"అవునన్నయ్యా."

"ఇంకో ఏడాదికి లాకులుకి ఇరవై ఏళ్లమ్మా. కంపెనీ వాళ్లు మొట్టమొదటి రికార్డింగు ఇమ్మంటున్నారు. స్టూడియోలో చేసింది ఎవరికీ అక్కర్లేదంట ఇప్పుడు, ఇంట్లో చేసింది కావాలంట. 'నీళ్లు వదిలారు' పాట ఆ క్యాసెట్టులోనే గదా ఉంది."

"నువ్వు ఆ రోజు రాలేదు కదా అన్నయ్యా."

"రాలా. అందుకేగా గైడు పాడించారు. నేనొచ్చి అసలు పాట పాడేదాకా వాయించేవాళ్లకి దారి తెలియాలిగా. ఎవరో బెన్నీ వాళ్ల చుట్టాలమ్మాయంట, గుణదల చర్చిలో పాడేదంట. బానే పాడింది పాపం, కొంచెం అరిచిందనుకో. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లొచ్చాయమ్మా. ఆ పిల్ల గొంతొక్కటే పీకేసి, అదే వాయింపు మీద నేను పాడేస్తా. శ్రావణంలో విడుదల. ఆషాఢం వద్దన్నా."

మంచిదన్నయ్యా, దొరికితే పంపిస్తాను అన్నాను.

కొంచెం అరిచిందట. ఎవరో చుట్టాలమ్మాయి కదా, నాకేం. కూరలో ఉప్పు రెండుసార్లు వేశానని మా అమ్మాయి అక్షయ కంచం పక్కకు నెట్టేసింది.

జూన్ 29, ఆదివారం

అన్నయ్య నాన్నను తీసుకొచ్చాడు. భోంచేస్తూ మళ్లీ అడిగాడు. "ఇచ్చెయ్యవే, మూలన పడుండి ఏం చేస్తది?" అన్నాడు. నిజమే. వినడానికి ఇంట్లో టేప్ రికార్డరు కూడా లేదు. ఇచ్చేశాను. చీర మడతలోంచి తీస్తుంటే అన్నయ్య చూశాడు.

పోయిన వస్తువే అనుకుని ఒకసారి రాసుకుంటాను. మళ్లీ ఆ జోలికి పోను.

పెడనలో మా వీధిలో గడప గడపకూ మగ్గం. పగలంతా ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే. అమావాస్య ఒక్కరోజు మగ్గం ఆడదు. అందుకని అన్నయ్య వాళ్లు రికార్డింగుకు జ్యేష్ఠ అమావాస్య ఎంచుకున్నారు, ఆదివారం కూడా కలిసొచ్చింది. అమ్మ పుట్టింటికి వెళ్లింది. నాన్న "మీ సాధనేదో చేసుకోండి" అని బయటికి వెళ్లారు. ఖాళీగా ఉన్న రెండో మగ్గం గుంటలోకి పెద్ద డ్రమ్ము దించారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు, తలుపు సందుల్లో నూలు కుక్కారు. స్పీకర్లు ఒక్కరోజుకు అడిగి తెచ్చినవి.

తీరా చూస్తే భాను అన్నయ్య రాలేదు. వాళ్లది వ్యవసాయం ఇల్లు. అమావాస్య పూట కొత్త పని మొదలుపెడతావా అని వాళ్ల అమ్మ గుమ్మం దాటనివ్వలేదట. మాకు పని చేసుకోవడానికి ఆ రోజొక్కటే కుదురుతుంది, వాళ్లకు ఆ రోజొక్కటే కుదరదు. రాక్ బ్యాండు పెట్టిన నలుగురికీ ఈ ముక్క ముందు తోచలేదు.

నలుగురనే రాశాను. నన్ను కూడా కలుపుకున్నట్టున్నాను.

బెన్నీ గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చుని "దుర్గా, పాటంతా నీకొచ్చుగా, మేం వాయించుకోడానికి నువ్వు పాడు" అన్నాడు. పాడాను. ఒక్కసారే. మొదటి చరణం మధ్యలో ఎదురింట్లో రాట్నం కీచుమంది. బెన్నీ కళ్లు మూసుకుని లోపల తిట్టుకుంటూనే వాయించాడు. కాసేపటికి అదే ఆగింది. పాట అయిపోయాక ముగ్గురం టేప్ రికార్డరు చుట్టూ కూర్చుని విన్నాం. తర్వాత అన్నయ్య "ఇది ఎవరికీ చెప్పమాకండిరా" అన్నాడు. అప్పటికే ఈయన వాళ్లు నన్ను చూసి వెళ్లారు. బ్యాండులో పాడే పిల్లంటే వన్ టౌన్‌లో పెళ్లి బ్యాండే అనుకుంటారు. అందుకని బెన్నీకి గుణదలలో ఒక చుట్టాలమ్మాయి పుట్టింది.

ఇంతకీ ఆ పెళ్లయి నేనే గుణదలలో కాపురం ఉంటున్నాను.

ఈ ఇంటికొచ్చాక పాడలేదు. అత్తగారికి ఇంట్లో ఆడపిల్ల కూనిరాగం తీసినా నచ్చేది కాదు. ఆపరేషన్ అయ్యాక పాడదామన్నా పాడలేను. నా గొంతు ఎలా ఉండేదో అక్షయకు తెలియదు, ఈయనకూ తెలియదు. ఆ క్యాసెట్టుకు ఒక్కదానికే తెలుసు. అది మధ్యాహ్నం బస్సులో అన్నయ్య చొక్కా జేబులో వెళ్లిపోయింది. బాధేమీ లేదు. బీరువాలో కొంచెం చోటు మిగిలింది.

జూన్ 30, సోమవారం

నాన్నకు ఆపరేషన్ బాగా జరిగింది. నల్ల కళ్లద్దాలు పెట్టారు. "సినిమా హీరోలా ఉన్నావు తాతయ్యా" అని అక్షయ ఫొటో తీసింది.

జూలై 3, గురువారం

చుక్కల మందు, అన్నం, చుక్కల మందు, కొట్టు, చుక్కల మందు.

జూలై 8, మంగళవారం

క్యాసెట్టు బాగానే ఉందట, ఇన్నేళ్లయినా బూజు పట్టలేదని వాళ్ల ఇంజినీరు మెచ్చుకున్నాడట. మొదట్లో వచ్చే ఆ కీచు చప్పుడేమిటని అడిగాడట. అది కూడా తీసేస్తారట. అన్నయ్య ఇవన్నీ సంబరంగా చెప్పి, ఉన్నది ఉన్నట్టు దింపిన పాట నాకూ ఫోనులో పంపాడు.

తెరవలేదు. కొట్లో గొడవగా ఉంది. ఇంటికొచ్చాక నాన్న నిద్రపోతున్నారు. తర్వాత చార్జింగ్ లేదు.

జూలై 10, గురువారం

ఇవాళ కూడా తెరవలేదు. తీరిక లేక.

జూలై 11, శుక్రవారం

తీరిక దొరికింది. మినపప్పు డబ్బాలన్నీ కడిగాను.

జూలై 13, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

కొట్టుకు సెలవు పెట్టాను. ఈయన ఒక్కరే వెళ్లారు. అక్షయ ట్యూషన్‌కు వెళ్లింది. నాన్న హాల్లో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు, నేను పక్కన చిక్కుళ్లు ఈనె తీస్తున్నాను. ఫోను మోగింది. భాను అన్నయ్య పంపాడు. 'అయిపోయిందమ్మా, నా గొంతుతో విను' అని రాశాడు. ఇది మాత్రం వెంటనే తెరిచాను. నాది కాదు కాబట్టి భయం లేదు.

బాగుంది. నిజంగా బాగుంది. అన్నయ్య డ్రమ్ము నిన్న మొన్న వాయించినట్టుంది. బెన్నీ గిటారులో ఆ తడబాటు కూడా అలాగే ఉంది. పైన భాను అన్నయ్య గొంతు, నున్నగా, ఒక్క మరక లేకుండా.

నీళ్లు వదిలారంట, పై లాకుల కాడ
ఎండిపోయిన కాలవ మళ్లీ నడిచొస్తందంట

ఎలా తీశారో గాని నేను అందులో ఎక్కడా లేను. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా లేదు. రాట్నమూ లేదు.

పాట అయిపోయింది. నాన్న నల్ల కళ్లద్దాలు నా వైపు తిప్పారు.

"ఇది మన ఇంటో పాటే గదా?"

"అవును నాన్నా. అన్నయ్య వాళ్లది."

"పాడింది ఎవురు?"

"భానుచందర్ అని, చల్లపల్లి అబ్బాయి. నీకు గుర్తుండడులే."

"ఎందుకు గుర్తుండడు? వాళ్లమ్మ పంపలేదని ఆ రోజు రాలా గదా ఆ పిల్లోడు. మరి నువ్వు లేవేందే ఇందులో?"

చిక్కుళ్ల పళ్లెం ఒళ్లో ఉంది. అది చూస్తూ నీకెలా తెలుసని అడిగాను.

"ఎట్టా తెలుసేంది? అమావాస్య. వీధిలో ఒక్క మగ్గం ఆడటంలా. మేమందరం సంజీవరావోళ్ల అరుగు మీద కూచున్నాం. మీరేమో తలుపులేసుకుని దుప్పట్లు కట్టుకున్నారు. పైన పెంకులేగా. రైలు గేటు దాకా వినపడింది నీ పాట."

"అందరూ విన్నారా?"

"ఇనకేం చేస్తారు? మా ఛాయాదేవి అప్పుడే రాట్నం ముందేసుకుని కూచుంది, నూలు కండెలు చుట్టుకుందామని. పిల్ల పాడతంది, కాసేపు ఆపమ్మా అన్నా. ఆపింది. నువ్వు పాడినంతసేపూ చెయ్యి రాట్నం మీదే పెట్టుకుని కూచుంది, మళ్లీ తిప్పలా."

ఛాయాదేవత్త అంటే ఎదురింటి సంజీవరావు గారి భార్య. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్లయింది.

"ఎప్పుడూ అనలేదేం నాన్నా?"

"నువ్వు చెప్పలా. నువ్వు చెప్పని దాన్ని నేనెట్టా అడుగుతా? మీ అత్తగారోళ్లు విచారణకొచ్చి వీధంతా తిరిగారు, ఎవరో ఒకరు అంటారని నేను భయపడ్డా. ఒక్కరు నోరిప్పలా. నేనెవురికీ చెప్పొద్దని చెప్పలా. ఆళ్లే ఊరుకున్నారు."

నాకు ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఎక్కడికో లేచి వెళ్లాలనిపించి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. సద్దు ఉండదని ఏరి కోరి అమావాస్య పెట్టుకున్నాం. బయటి సద్దు లోపలికి రాకపోతే లోపలిది బయటికి పోతుందని ఒక్కరికీ తట్టలేదు. అన్నయ్యకు, బెన్నీకి, నాకు తప్ప ఎవరికీ తెలియదనుకుని ఇన్నేళ్లు చీర మడతలో దాచాను. పెడన వెళ్లినప్పుడల్లా ఆ వీధిలో ఎవరైనా 'బాగున్నావా అమ్మా' అంటే బాగున్నానండీ అని తలొంచుకుని వచ్చేదాన్ని. వాళ్లంతా విన్నవాళ్లే. మరి నేను ఎవరి దగ్గర దాచినట్టు?

చివరికి తెలియనివాళ్లు మిగిలింది నా ఇంట్లోనే.

తిరిగి హాల్లోకి వచ్చేసరికి నాన్న చిక్కుళ్లు తడుముకుంటూ ఈనె తీస్తున్నారు. "అది ఈడి పాట కాదే" అన్నారు. చుక్కల మందు వేళయింది. వేశాను. ఆయన కళ్లు మూసుకున్నారు కాబట్టి నేను ఏడ్చింది కనపడలేదు.

జూలై 14, సోమవారం

నాకు బాధగా ఉంది. ఇది మొదటి రోజే రాయాల్సింది. అలసట అని రాశాను, తీరిక లేదని రాశాను. ఆ గొంతు పోతుంటే నాకు బాధగా ఉంది. అది తప్ప నా దగ్గర ఇంకోటి లేదు.

కొట్టు వెనక మూటల గదిలోకి వెళ్లి భాను అన్నయ్యకు ఫోన్ చేశాను.

"విన్నావా అమ్మా? ఎట్టా ఉంది?"

"బాగుందన్నయ్యా. ఆ గైడు పాడిన గుణదల అమ్మాయి ఉంది కదా."

"ఏ అమ్మాయి?"

"కొంచెం అరిచిన అమ్మాయి. అది నేనే."

గది తలుపు దగ్గరికి వేశాను.

"బెన్నీ చుట్టాలన్నారు గదమ్మా."

"నా పెళ్లి మాటలు నడుస్తున్నాయి అప్పుడు. అందుకని అలా చెప్పారు."

"మొన్న ఫోన్ చేసినప్పుడన్నా చెప్పొచ్చుగా. ఈ మాటేదో పది రోజులు ముందు చెప్పుంటే..." ఆయన గొంతులో చిరాకు వినపడింది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? కంపెనీకి నా పాట పంపేశా."

"నా గొంతు ఉంటేనే ఆ పాట ఇవ్వండన్నయ్యా. లేకపోతే క్యాసెట్టు వెనక్కి పంపండి. అది మా ఇంట్లోది."

ఇంత మాట నేను ఎవరితోనూ అన్న గుర్తు లేదు. చివర్లో గొంతు పూర్తిగా బొంగురుపోయి గాలి మాత్రమే వచ్చింది. ఆయనకు వినపడిందో లేదో.

"నీకు జలుబు కాదు గదా" అన్నాడు.

"కాదన్నయ్యా. ఆపరేషను. ఇక పాడలేను."

చూద్దాంలే అమ్మా అని పెట్టేశాడు.

జూలై 15, మంగళవారం

అన్నయ్య మండిపడ్డాడు. "వాడు ఎంత ప్రేమగా చేస్తున్నాడే, మధ్యలో నీ గోలేంటి? బావగారికి తెలిస్తే ఏమనుకుంటాడు?" అన్నాడు.

"పెడనలో వీధి వీధంతటికీ తెలుసంట. మీ బావగారికి కూడా తెలియనీ."

"వీధంతటికీనా?" అన్నాడు. ఆ వీధిలోనే ఉంటున్నాడు పాపం.

జూలై 16, బుధవారం

ఈయనకు చెప్పాను. కొట్టు కట్టే ముందు, పరిచిన తానులు ఇద్దరం చెరో అంచు పట్టుకుని మడుస్తున్నప్పుడు. ఆ పనిలో మొహాలు చూసుకోనక్కర్లేదు.

"నువ్వు పాడేదానివా?"

"పాడాను, ఒకసారి."

"ఏం పాట? భక్తిదా?"

"రాక్ పాటండీ."

ఆ తాను నా చేతిలోంచి తీసుకుని అరలో పెట్టారు. ఇంకోటి తీశారు. "మా అమ్మ ఉండగా చెప్పకపోవడమే మంచిదయింది" అన్నారు. ఇంకో రెండు తానులు మడిచాక "అక్షయకు చెప్పావా?" అన్నారు. లేదన్నాను. "చెప్పు. నేను కూడా వింటాను" అన్నారు. ఇన్నేళ్లూ దీనికా భయపడ్డాను అనిపించింది. పెళ్లయిన కొత్తలో చెప్పి ఉంటే ఇలాగే అనేవారా? అనేవారు కాదు. ఆ మాట కూడా నాకు తెలుసు.

జూలై 18, శుక్రవారం

భాను అన్నయ్య ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు. కాళ్లు వాచాయి.

జూలై 19, శనివారం

లేదు.

జూలై 20, ఆదివారం

వచ్చింది. నాన్నకు అన్నం కలుపుతుంటే మోగింది. ఎడమ చేత్తో పట్టుకున్నాను.

"నిన్న స్టూడియోలో రెండూ పక్కపక్కన పెట్టి విన్నామమ్మా. నీది, నాది" అన్నాడు. చాలా అలిసిపోయినట్టుంది గొంతు. "మా ఇంజినీరు ఏమన్నాడో తెలుసా? కుర్రాళ్లు వాయించుకుంటుంటే మధ్యలో వాళ్ల బాబాయి వచ్చి పాడినట్టుందన్నాడు నా పాటని."

అన్నం కలుపుతూ విన్నాను.

"కోపం వచ్చి బయటికి పోయా. మళ్లీ వచ్చి విన్నా. నిజమే. ఆ వాయింపు ఇరవై ఏళ్లోళ్లది. నేను ఎంత సన్నగా పాడినా నలభై దాటినోడి గొంతే. ఉన్నది ఉన్నట్టే వేస్తున్నామమ్మా. ఒప్పించా వాళ్లని. ఆ కీచు ఒక్కటీ తీసేస్తాం."

"వద్దన్నయ్యా. అది ఉంచండి."

"అదేంటో తెలుసా నీకు?"

"తెలుసు. రాట్నం. దాన్ని తీస్తే అది ఆగింది కూడా పోతుంది."

నాకే సరిగ్గా చెప్పడం రాలేదు. ఆయన మాత్రం మళ్లీ అడగలేదు. సరేనన్నాడు. పాడినవాళ్ల పేరు ఏం వెయ్యమంటావు, పుట్టింటి పేరా అత్తింటి పేరా అని అడిగాడు. శ్రీదుర్గ చాలన్నాను. శుక్రవారం విడుదల. కంపెనీ వాళ్లు గురువారమన్నారట. గురువారం అమావాస్య వచ్చిందని భాను అన్నయ్యే ఒకరోజు జరిపించాడట.

"ఇంకా అమ్మ మాటేనా అన్నయ్యా?"

"అమ్మ లేదుగా ఇప్పుడు. ఉన్నన్నాళ్లూ తిట్టుకున్నా. ఆ రోజు బండి తాళాలు బియ్యం డబ్బాలో దాచింది" అన్నాడు.

నాన్నకు అన్నం ముద్ద పెడితే "ఏమన్నాడు?" అన్నారు. చెప్పాను. తలూపి, పచ్చడి ఎక్కువైందన్నారు.

జూలై 24, గురువారం, అమావాస్య

ఆషాఢం ఆఖరు రోజు, కొట్లో ఊపిరాడలేదు. అయినా ఈయన "నువ్వు పెందలాడే వెళ్లు, నేనూ వస్తా" అన్నారు. అన్నట్టే దీపాలు పెట్టే వేళకు వచ్చారు. నాన్నకు నల్ల కళ్లద్దాలు తీసేశారు. అక్షయ కాలేజీ బస్సు దిగి ఇంకా సంచి కూడా దించలేదు.

అన్నయ్య ఆ రోజు పంపిన పాట ఫోనులో తెరవకుండా అలాగే ఉంది. తెరిచాను.

ముందు అన్నయ్య కర్రలతో లెక్క కొట్టాడు. బెన్నీ మొదలుపెట్టాడు. తర్వాత ఎవరో అమ్మాయి పాడింది. నేను గుర్తు పట్టడానికి ఒక నిమిషం పట్టింది. నాకంటే ముందే నాన్న కాలు మంచం మీద తాళం వేస్తోంది.

"ఎవరమ్మా ఈమె? బాగా పాడుతుంది" అంది అక్షయ.

"నేనే."

అది నా మొహం చూసింది. తర్వాత నా మెడ మీద మచ్చ చూసింది. సంచి దించి వచ్చి నా పక్కన కింద కూర్చుంది. ఈయన గోడకు ఆనుకుని నిలబడే విన్నారు, పాట అయిపోయినా చేతిలో కొట్టు తాళాలు పెట్టుకుని అలాగే ఉన్నారు. ఇంకోసారి పెట్టమంది అక్షయ. పెట్టాను. మళ్లీ పెట్టమంది.

మూడోసారి నేను సరిగ్గా విన్నాను. 'కొంచెం అరిచింది' అని భాను అన్నయ్య అన్నది తప్పేం కాదు. మొదటి చరణం గొంతు పట్టుకుని, గోడలకు కూడా వినపడకూడదన్నట్టు పాడాను. దాని వెనకాల రాట్నం కీచుమంటోంది. రెండు తిప్పులు, మూడు తిప్పులు, ఆగిపోయింది. ఆ తర్వాతి మాట నుంచి గొంతు పైకి లేచింది. ఇక చివరిదాకా దిగలేదు.

అప్పుడు ఏమనుకున్నానో నాకు బాగా గుర్తుంది. రాట్నం ఆగింది, ఛాయాదేవత్త లోపలికి వెళ్లిపోయినట్టుంది, ఇక బయట వినేవాళ్లు ఎవరూ లేరు అనుకున్నాను. అందుకే అంత గట్టిగా పాడాను.